అడవినాభి పూసిన వాలు

పెద్దకర్మ అయిన మర్నాడే శాంభవి కాలేజీకి వెళ్లింది. ఇంటర్ సెకండియర్ పిల్లలకి మొక్కల్లో శ్వాసక్రియ పాఠం చెప్పింది. బోర్డు మీద బొమ్మ గీసింది, బాణం గుర్తులు పెట్టింది, వెనక బెంచీలో ఎవరో అడిగిన డౌటుకి ఓపిగ్గా జవాబిచ్చింది. స్టాఫ్ రూములో అందరూ ఆమె ధైర్యాన్ని మెచ్చుకున్నారు. వాళ్లకి ధైర్యం ఎక్కడ కనిపించిందో ఆమెకి అర్థం కాలేదు. బాధంటూ ఉంటే దాన్ని దిగమింగడానికి ధైర్యం కావాలి. ఆమెకి ఏమీ అనిపించడం లేదు.

పోయింది అక్క జ్ఞానేశ్వరి. అక్కాచెల్లెళ్లిద్దరూ పెళ్లిళ్లు చేసుకోలేదు. సత్యనారాయణపురంలో ఒక పాత అపార్ట్‌మెంటులో ఏళ్ల తరబడి కలిసే ఉన్నారు. శాంభవి బోటనీ లెక్చరర్. జ్ఞానేశ్వరి హైస్కూల్లో లెక్కల టీచరు. మార్చిలో ఒక సాయంత్రం ఛాతీ పట్టేసినట్టుందని జ్ఞానేశ్వరి అంటే ఇద్దరూ వీధి చివర డాక్టరు దగ్గరికి నడిచి వెళ్లారు. ఆయన వెంటనే పెద్దాస్పత్రికి వెళ్లి ఈసీజీ తీయించుకోమన్నాడు. జ్ఞానేశ్వరి నవ్వేసింది.

"మధ్యాహ్నం పెళ్లిలో గారెలు లాగించాను కదే. గ్యాసు. పద, ఇంటికి పోదాం," అంది.

ఒక మాత్ర వేసుకుని పడుకుంది. తెల్లారి లేవలేదు.

శాంభవి ఎవరినీ ఏమీ అనలేదు. అక్క చీరలు ఎవరికైనా ఇచ్చేయమని పిన్ని చెబితే ఇచ్చేసింది. ఇచ్చేటప్పుడైనా ఏడుస్తుందేమోనని పిన్ని కాచుక్కూర్చుంది. ఏడుపు రాలేదు. ఎండలు పోయాయి, వానలొచ్చాయి. శాంభవి వండుకుంది, తింది, పేపర్లు దిద్దింది. పంటికి మత్తు ఇంజెక్షన్ ఇచ్చాక దవడ ఉంటుందే, నొక్కితే తెలుస్తుంది గానీ తనది కానట్టుంటుంది, అలా ఉండేది ఆమెకి ఒళ్లంతా.

ఆగస్టులో ఒక ఆదివారం పొద్దున ఫోన్ మోగింది.

"మేడం, నేను హెలెన్ని. గుర్తున్నానా? మీ దగ్గర బైపీసీ చదివాను. కొండపల్లి ఖిల్లాకి తీసుకెళ్లారు మమ్మల్ని, మొక్కలు చూపించడానికి."

"గుర్తున్నావమ్మా. చెప్పు."

"ఇప్పుడు సూర్యారావుపేటలో స్టాఫ్ నర్సుగా చేస్తున్నాను మేడం. ఇక్కడ భార్యాభర్తలిద్దరు అడ్మిట్ అయ్యారు. రాత్రి నుంచీ ఒకటే వాంతులు, విరేచనాలు. అడవిలో ఏదో దుంప తవ్వుకొచ్చి పాలల్లో కలుపుకుని తాగారంట. అదేం మొక్కో ఇక్కడ ఎవరికీ తెలియట్లేదు. ఫోటో పెట్టాను, ఒకసారి చూస్తారా?"

శాంభవి ఫోటో చూసింది. స్టీలు ట్రేలో నలిగిపోయిన కాడ, వడిలిన ఆకులు, మూసుకుపోయిన మొగ్గ ఒకటి. ఆ ఫోటోని బట్టి ఏ మొక్క పేరైనా చెప్పొచ్చు, ఏదీ చెప్పకపోనూ వచ్చు.

"మొక్క ఉందా అక్కడ?"

"కవర్లో ఉంది మేడం."

"పారెయ్యకండి. వస్తున్నాను."

పొయ్యి మీద సగం మరిగిన టీ అలాగే దించేసి, కట్టుకున్న చీరతోనే కిందికి దిగి ఆటో ఎక్కింది.

హెలెన్ ఆస్పత్రి మెట్ల దగ్గరే నిలబడి ఉంది. పైకి నడుస్తూ సంగతంతా చెప్పింది. అతని పేరు వెంకటప్పయ్య, పెడనలో చేనేత పని. భార్య రాఘవమ్మ. వాళ్ల కూతురు ధనశ్రీని కొండపల్లిలో ఇచ్చారు. అల్లుడు సాయిగణేష్ ఇబ్రహీంపట్నం థర్మల్ స్టేషన్లో కాంట్రాక్టు ఎలక్ట్రీషియన్. కొండ పక్కన కొత్తగా ఇల్లు కట్టుకుంటే గృహప్రవేశానికని వచ్చారు. జీవితమంతా గుంట మగ్గంలో కూర్చుని వెంకటప్పయ్యకి నడుం నొప్పి. నేలతాడి దుంప నడుముకి మంచిదని ఫోన్లో ఎవరిదో వీడియో చూశాడట. ఇంటి వెనక కొండ వాలులో అలాంటి పువ్వే కనిపించేసరికి తవ్వి, దంచి, పాలల్లో కాచుకుని గ్లాసుడు తాగాడు. వద్దంటున్నా భార్య చేత కూడా ఒక గుక్క తాగించాడు.

"గృహప్రవేశం భోజనాలు తేడా చేశాయనుకున్నాం మేడం మొదట. కానీ మిగతావాళ్లెవరికీ ఏమీ కాలేదు," అంది హెలెన్.

డ్యూటీ డాక్టరు హర్షవర్ధన్ చిన్నవాడు, రాత్రంతా నిద్రలేక కళ్లు ఎర్రబడి ఉన్నాడు. శాంభవికి తన ఫోన్ చూపించాడు.

"మొక్కల యాప్‌లో పెట్టి చూశాను మేడం. మూడుసార్లు ఫోటో తీస్తే మూడు పేర్లు చెప్పింది."

"నలిగిపోయింది కదండీ. దానికి మాత్రం ఏం తెలుస్తుంది. పేషెంటుతో మాట్లాడొచ్చా?"

వెంకటప్పయ్య సెలైన్ పెట్టించుకుని వెల్లకిలా పడుకుని ఉన్నాడు. కళ్లు లోపలికి పోయాయి, పెదాలు పగిలాయి. అయినా కొత్త మనిషి వచ్చేసరికి లేచి కూర్చోబోయాడు. శాంభవి వద్దంది. అతని చూపు ఆమె చీర మీద నిలిచింది.

"మంగళగిరి చీరేనా అమ్మా? అంచు బాగా తీశాడు నేసినోడు," అన్నాడు నీరసంగా.

"అవునండీ. మీరు తవ్విన మొక్క ఎలా ఉందో చెప్పగలరా?"

"నేలతాడేనమ్మా. నేను చూశాను కదా. పసుపు పువ్వు, ఆరు రేకలు. వీడియోలో అచ్చం అదే. మా తాతకి కూడా తెలుసు ఆ దుంప సంగతి. నాకు పడలేదంతే. ఖాళీ కడుపున తాగాను, అదీ తప్పు."

"కాడ ఎంత పొడుగుంది?"

వెంకటప్పయ్య చెయ్యి చాపి మోచేతి దాకా చూపించాడు.

నేలతాడికి కాడ పైకి కనబడదు. చిన్న తాటిమొక్కలాగా ఆకులు నేలలోంచే లేస్తాయి, పువ్వు నేలకి ఆనుకునే పూస్తుంది. ఇది నేలతాడి కాదని శాంభవికి అక్కడే తెలిసిపోయింది. కానీ ఆ మాట అతనితో అనలేదు.

పక్క మంచం మీద రాఘవమ్మ కాళ్లు కిందికి వేసుకుని కూర్చుని ఉంది. కొప్పు చుట్టుకుంటోంది. ఒత్తయిన జుట్టు, అక్కడక్కడా నెరిసింది. కూతురు ధనశ్రీ ఆమెని పడుకోమని బతిమాలుతోంది.

"నాకేం లేదే. పొద్దున్నుంచీ వాంతి అయ్యిందా? లేదు. కడుపులో చల్లగానే ఉంది. మీ నాన్న దగ్గర నువ్వుండు. కొత్తింట్లో పాలు పొంగించి మూడ్రోజులు కాలేదు, తాళం వేసి ఎలా వదిలేస్తారు? నన్ను పంపించెయ్యమను, సంతకం పెడతాను," అంటోంది.

శాంభవి కవర్లోని మొక్కని నర్సుల బల్ల మీదికి తెప్పించుకుని, గ్లౌజులు అడిగి వేసుకుని ఆకులు ఒక్కొక్కటే విప్పింది. ఆకులకి తొడిమలు లేవు, సూటిగా కాడకే అంటుకుని ఉన్నాయి. కొసలన్నీ తెగిపోయాయి. ఒక్క ఆకు కొస మాత్రం దారంలా సన్నబడి, చుట్టుకుని ఉంది. అది పుట్టుకతో వచ్చిన చుట్టో, వడిలిపోయి ముడుచుకున్నదో చెప్పడానికి లేదు. మొగ్గ విప్పబోతే రేకలు ముద్దగా చేతికి అంటుకున్నాయి. దుంప ముక్క ఒక్కటి కూడా మిగల్లేదు, అంతా దంచేశాడు.

"అడవినాభి కావొచ్చు," అంది చివరికి.

"అంటే?" అన్నాడు హర్షవర్ధన్.

"గ్లోరియోసా. దుంపలో కోల్చిసిన్ ఉంటుంది."

ఆ పేరు వినగానే డాక్టరు ముఖం మారిపోయింది. హెలెన్‌కి కూడా గుర్తొచ్చింది. కాలేజీ ల్యాబులో ఉల్లి వేర్లని ఆ మందులో ముంచితే కణాలు చీలడం అక్కడికక్కడే ఆగిపోతుందని శాంభవే చెప్పింది వాళ్లకి.

"కచ్చితంగా అదేనంటారా మేడం?"

"లేదండీ. విచ్చుకున్న పువ్వు చూడాలి. దుంప చూడాలి. అప్పుడు చెబుతాను."

హర్షవర్ధన్ గొంతు తగ్గించాడు. "అదే అయితే ఇవాళ తగ్గినట్టే ఉంటుంది. రేపో ఎల్లుండో కిడ్నీలు, గుండె, రక్తం అన్నీ దెబ్బతింటాయి. ఆయన్ని ఎలాగూ పంపను. ఆవిడతోనే ఇబ్బంది. బాగానే ఉన్నాను, వెళ్తానని కూర్చుంది. కావొచ్చు అన్న మాట మీద ఎంతసేపు ఆపగలను?"

శాంభవి మళ్లీ గదిలోకి వెళ్లి రాఘవమ్మ ఎదురుగా నిలబడింది.

"అమ్మా, నేను తిరిగొచ్చేదాకా మీరు ఇక్కడే ఉండాలి."

"ఎందుకమ్మా? నాకు తగ్గిపోతేనూ?"

"మా అక్క కూడా తగ్గిపోయిందనే ఇంటికొచ్చేసింది. తెల్లారి లేవలేదు."

ఊళ్లో బస్సు ఎన్నింటికో చెప్పినట్టు చెప్పింది ఆ మాట. రాఘవమ్మ ఆమె వైపు కాసేపు చూసి, కాళ్లు మంచం మీదికి తీసుకుంది.

సాయిగణేష్ బండి మీద ఇద్దరూ బయల్దేరారు. భవానీపురం, గొల్లపూడి దాటి ఇబ్రహీంపట్నం చేరేసరికి సన్నగా చినుకులు మొదలయ్యాయి. థర్మల్ స్టేషన్ పొగగొట్టాలు మబ్బులో సగం కనబడకుండా ఉన్నాయి. దారి పొడుగునా సాయిగణేష్ మాట్లాడుతూనే ఉన్నాడు.

"నేను చూశాను మేడం, మామయ్య పలుగుతో తవ్వుతుంటే. డ్యూటీకి లేటవుతోందని వెళ్లిపోయాను. ఏంటది మామయ్యా అని అడిగినా బావుండేది."

"అడిగినా నేలతాడి అనే చెప్పేవారు," అంది శాంభవి.

ఇంటి వెనక కొండ మొదలయ్యే చోట కంకర, ముళ్లపొదలు, వానకి కొత్తగా లేచిన గడ్డి. వెంకటప్పయ్య తవ్విన గుంట సాయిగణేష్‌కి వెంటనే దొరికింది. గుంటలో ఎర్రటి నీళ్లు నిలిచాయి. దాని చుట్టుపక్కల అలాంటి మొక్క ఇంకొకటి లేదు. జారుతుందని శాంభవి చెప్పులు విప్పి చేత పట్టుకుని వాలు మీదికి ఎక్కింది. పొదలు ఒక్కొక్కటే వంచి చూసింది. విష్ణుక్రాంత కనిపించింది. ముళ్లగోరింట కనిపించింది. అసలైన నేలతాడి కూడా ఒకచోట గడ్డిలో కనిపించింది, చిన్న పసుపు నక్షత్రంలా నేలకి కరుచుకుని. వెంకటప్పయ్య వెతికింది దీన్నే. దాని కోసం ఇంకాస్త పైకి ఎక్కాల్సింది.

ఆ పక్కనే రాయికీ రాయికీ మధ్య రేగిపొద మీద పాకి ఉంది అడవినాభి. తేరిపార చూస్తే అక్కడొకటి కాదు, ఆ పై వాలంతా పొదల మీద మంటలు పెట్టినట్టు పూసి ఉంది.

పిల్లల్ని తీసుకొచ్చినప్పుడల్లా ఈ పువ్వు దగ్గర ఒక్క నిమిషం అందరూ నోళ్లు మూసేవారు. తనూ మూసేది. ఈసారి అలాంటిదేమీ జరగలేదు. వంగి, వరసగా చూసుకుంటూ పోయింది. ఆరు రేకలు, అంచులు అలలు అలలుగా. అన్నీ వెనక్కి, పైకి తిరిగి ఉన్నాయి. కింద సగం పసుపు, పై సగం ఎరుపు. కొత్తగా విచ్చిన పువ్వు మాత్రం ఇంకా ఆకుపచ్చ కలిసిన పసుపులోనే ఉంది. వెంకటప్పయ్య చూసింది ఆ వయసు పువ్వు. ఆరు కేసరాలు గొడుగు ఊచల్లా పక్కలకి చాచుకున్నాయి. అండాశయం మీది సన్నటి కాడ, కీలం, ఒక పక్కకి అడ్డంగా వంగి ఉంది, ఇంకే పువ్వుకీ అలా ఉండదు. ప్రతి ఆకు కొసా నులితీగై రేగికొమ్మని చుట్టుకుని పట్టుకుంది.

సాయిగణేష్ బండిలోంచి స్క్రూడ్రైవర్ తెచ్చాడు. శాంభవి వేరు దగ్గర మట్టి తవ్వింది. తెల్లటి దుంప బయటపడింది, నాగలి చెక్కలాగా మధ్యలో వంగి, రెండు వైపులా చాచి.

ఆమె ఫోన్ చేసింది.

"డాక్టరుగారూ, అదే. అడవినాభి. గ్లోరియోసా సూపర్బా."

"ష్యూరేనా మేడం?"

"పువ్వు చూశాను. ఆకు కొసలు చూశాను. దుంప నా చేతిలో ఉంది. ష్యూర్."

అవతల ఏవో మాటలు, బరబరా చప్పుళ్లు. తర్వాత హెలెన్ గొంతు వినిపించింది. "మేడం, రాఘవమ్మగారు చెప్పులేసుకుని లిఫ్టు దగ్గరికి వెళ్లిపోయారు. చాలాసేపు చూశాను, ఇంక ఆ మేడం రారులే అంటూ..."

"ఆవిడని ఆపు హెలెన్! పరుగెత్తు!"

ఆ అరుపు తన నోట్లోంచే వచ్చిందని శాంభవికి వెంటనే తెలియలేదు. ఫోన్ చెవికి ఆనించుకుని రాయి మీద కూలబడింది. భయం వేస్తోంది. ఎవరో ముక్కూ మొహం తెలియని మనిషి లిఫ్టు ఎక్కుతుందేమోనని ఒళ్లంతా భయం.

"దొరికారు మేడం," అంది హెలెన్ రొప్పుతూ. "పట్టుకున్నాను."

భయం ఎలా వచ్చిందో అలాగే పోయింది. శాంభవి దుంపని కవర్లో వేసి సాయిగణేష్‌కి ఇచ్చింది, చేతులు సబ్బుతో రెండుసార్లు కడుక్కోమని చెప్పింది. తనూ కడుక్కుంది. అప్పటికి మళ్లీ మామూలుగా ఉంది, ఏమీ లేకుండా.

వెంకటప్పయ్య ఆ సాయంత్రం కాస్త తేరుకున్నట్టే కనిపించాడు. కూతురితో మగ్గం మీద సగం నేసిన చీర గురించి మాట్లాడాడు, దారాలు దూర్చిన అచ్చు మీద దుమ్ము పడకుండా గుడ్డ కప్పించమన్నాడు. మర్నాటికి బీపీ పడిపోయింది. తర్వాత మూత్రం రావడం ఆగిపోయింది. డయాలసిస్ పెట్టారు. దీనికి విరుగుడంటూ లేదని, ఒళ్లు తట్టుకునేదాకా కాపాడుకుంటూ రావడమేనని హర్షవర్ధన్ ముందే చెప్పాడు. శాంభవి రోజూ కాలేజీ అయ్యాక వెళ్లి ఐసీయూ బయట కుర్చీలో కూర్చునేది. ధనశ్రీ మందులకి వెళ్తే ఆమె సంచీ పట్టుకునేది. రమ్మని ఎవరూ అడగలేదు, ఎందుకొస్తున్నావనీ అడగలేదు.

గురువారం పొద్దున వెంకటప్పయ్య పోయాడు.

రాఘవమ్మ అదే ఆస్పత్రిలో పై అంతస్తులో ఉంది. ఆమె రక్తంలో తెల్లకణాలు అడుగంటాయి. జ్వరం. మాస్కు లేకుండా ఎవరినీ లోపలికి రానివ్వడం లేదు. ఇప్పుడు చెబితే తట్టుకోదని కొందరు, చెప్పకపోతే పాపమని కొందరు బంధువులు వరండాలో వాదించుకున్నారు. ధనశ్రీ గోడకి ఆనుకుని నిలబడి ఉంది.

"మేడం, మీరు చెప్పగలరా? నా వల్ల కాదు," అంది.

శాంభవి మాస్కు పెట్టుకుని లోపలికి వెళ్లింది.

"రాఘవమ్మగారూ, మీ ఆయన పోయారు."

రాఘవమ్మ ఆమె కళ్లలోకి చూసింది. మాస్కు పైన కనిపించేవి అవే.

"ఎప్పుడు?"

"ఇవాళ పొద్దున."

"నేను చూడొచ్చా?"

"కిందికి తీసుకెళ్తే మీకు ప్రమాదమంటున్నారు. ఫోన్లో చూపిస్తామంటున్నారు."

"వద్దు," అంది రాఘవమ్మ. పక్కకి తిరిగి గోడ వైపు పడుకుంది. ఏడుపు వినబడలేదు. శాంభవి స్టూలు లాక్కుని కూర్చుంది. కిందినుంచి వచ్చిన ఏడుపు కూడా అక్కడిదాకా వచ్చేసరికి వీధిలో ఎవరిదో అన్నట్టుంది.

తర్వాతి వారానికి రాఘవమ్మ కణాలు పెరగడం మొదలైంది. జుట్టు రాలడం కూడా అప్పుడే మొదలైంది. దువ్వెన పెడితే గుప్పెళ్లకి గుప్పెళ్లు ఊడి వచ్చేది. ఆ విషం గుణమే అంతనీ, కొన్ని నెలల్లో మళ్లీ వస్తుందనీ హర్షవర్ధన్ చెప్పాడు. చూడ్డానికి వచ్చిన ఒకావిడ మాత్రం, మొగుడితో పాటే పోయింది అందం కూడా అంది. రాఘవమ్మ డిశ్చార్జి అయిన రోజు నెత్తి మీద కొంగు కప్పుకుని, హెలెన్ చెయ్యి పట్టుకుని లిఫ్టు దాకా నడిచింది.

సెప్టెంబరు చివర ధనశ్రీ ఫోన్ చేసింది.

"అమ్మ మిమ్మల్ని ఒకసారి రమ్మంటోంది మేడం. ఆ పువ్వు చూడాలంట. మేం చూపిస్తామంటే వినట్లేదు. మీరే చూపించాలంట."

ఆదివారం శాంభవి బస్సులో కొండపల్లి వెళ్లింది. రాఘవమ్మ వీధి అరుగు మీద సిద్ధంగా కూర్చుని ఉంది. నెత్తిన నూలు తువ్వాలు చుట్టుకుంది. కనుబొమలు కూడా పల్చబడ్డాయి. ధనశ్రీ తోడు వస్తానంటే వద్దంది.

వాలు ఎక్కడానికి చాలాసేపు పట్టింది. నాలుగడుగులకొకసారి రాఘవమ్మ ఆగి ఊపిరి పీల్చుకుంది. శాంభవి ఆమె మోచెయ్యి పట్టుకుంది. పూలు చాలామటుకు అయిపోయాయి, తీగలకి ఆకుపచ్చ కాయలు వేలాడుతున్నాయి. వెతగ్గా వెతగ్గా పొద చాటున రెండు పువ్వులు మిగిలి కనిపించాయి.

"ఇదేనా?" అంది రాఘవమ్మ.

"ఇదేనండీ. అడవినాభి. కొందరు అగ్నిశిఖ అంటారు."

రాఘవమ్మ వంగి చూసింది. ముట్టుకోలేదు. చాలాసేపు చూసింది.

"ఇంత బాగుంటుందా? నేనేదో నల్లగా, పాములాగా ఉంటుందనుకున్నాను. ఇన్నాళ్లూ నా కళ్లకి అలాగే కనిపించేది." రేకల వైపు వేలు చూపించింది. "పసుపులోంచి ఎరుపులోకి ఎక్కడ మారిందో చూడండి. అతుకు కనబడదు. చీర పడుగు దారాల్లో ఇలా తేవాలని ఆయన ఎన్నిసార్లు రంగులద్దాడో. ఎప్పుడూ గీత పడిపోయేది."

"మొదట మొత్తం పసుపే ఉంటుంది. రోజురోజుకీ ఎరుపు దిగుతుంది," అంది శాంభవి. "ఆయన చూసింది మొదటిరోజు పువ్వు. నేలతాడి కూడా పసుపే. ఈ రెండూ తెలియనివాళ్లకి పొరపాటు పడే పువ్వులే."

"ఆయన తెలివితక్కువోడేం కాదు."

"కాదండీ."

రాఘవమ్మ రాయి మీద కూర్చుంది. కింద కొత్త ఇళ్లు, వాటికవతల రైలు పట్టాలు, దూరంగా పొగగొట్టాలు.

"అమ్మా, ఒకటి అడుగుతాను. ఆయనకి నొప్పి తెలిసిందంటారా? అందర్నీ అడిగాను. ఏమీ తెలియలేదు, నిద్రలోనే పోయాడని అంటున్నారు. నా కూతురూ అలాగే చెబుతోంది."

శాంభవికి అదే మాట చెప్పడం తేలిక. నోటిదాకా వచ్చింది కూడా.

"మొదటి రెండు రోజులు తెలిసిందండీ," అంది. "బాగా తెలిసింది. తర్వాత మత్తులో ఉంచారు. అప్పుడు తెలియలేదు."

రాఘవమ్మ తలూపింది. ఆమె ముఖం ఒక్కసారిగా వదులైంది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది, ఆస్పత్రిలో ఏడవనిదంతా. తువ్వాలు జారి భుజం మీద పడింది. బోడి తల మీద లేత నూగులా కొత్త జుట్టు మొలుస్తోంది. శాంభవి ఆమె వీపు మీద చెయ్యి వేసి ఉంచింది. తన కళ్లు పొడిగానే ఉన్నాయి. ఆ ఏడుపు అరచేతికి తెలుస్తోంది, మగ్గం నడిచే ఇంట్లో గోడ మీద చెయ్యి పెడితే తెలిసినట్టు. చెయ్యి తీయాలనిపించలేదు.

చివరికి రాఘవమ్మ ముక్కు తుడుచుకుంది.

"మీ అక్కకో? నొప్పి తెలిసిందా?"

"తెలియదండీ. నేను పక్క గదిలో పడుకున్నాను," అంది శాంభవి. ఈ మాట ఇంతవరకూ ఎవరితోనూ అనలేదు. అన్నాక గొంతులో ఏదో అడ్డుపడినట్టయింది. దగ్గింది. పోలేదు. దాన్ని అలాగే ఉండనిచ్చింది.

"ఈ మొక్కల్ని పీకించెయ్యాలా?" అంది రాఘవమ్మ కాసేపటికి. "పిల్లలు తిరిగే చోటు."

"ఎన్నని పీకుతాం. కొండ నిండా ఉంది. దీని జోలికి పోవద్దని చెప్పుకోవడమే."

"అయితే పదండి, చెబుదాం."

దిగేటప్పుడు రాఘవమ్మ వీధి మొదట్లోనే ఆగింది. మొదటి ఇంటి గుమ్మంలో కనకలక్ష్మి అనే ఆవిడ బియ్యం ఏరుకుంటోంది. రాఘవమ్మ తువ్వాలు సరిచేసుకోకుండానే ఆమెని పిలిచింది. కొండ మీద పువ్వు ఎలా ఉంటుందో, రేకలు ఎటు తిరుగుతాయో, ఆకు కొస ఎలా చుట్టుకుంటుందో చెప్పసాగింది. రంగుల దగ్గర తడుముకోలేదు గానీ దుంప ఆకారం దగ్గర ఆగి, శాంభవి వైపు తిరిగింది.

"మీరు చెప్పండమ్మా, సరిగ్గా."

శాంభవి గుమ్మంలో కూర్చుని, చాటలోని బియ్యం పల్చగా పరిచి, అందులో వేలితో దుంప బొమ్మ గీసి చూపించింది.